పెట్టె గడప దాటదు

కొత్తపాలెం (పర్చూరు దగ్గర),
22 జనవరి 2026

చిన్నాన్నకు నస్రత్ సలాములు.

మొన్న నా కంప్యూటర్ గురించి ఫోన్‌లో మనిద్దరం అరుచుకున్నది ఈ వీధంతా విన్నది. నువ్వు "ఆగు" అనేలోపు నేను బటన్ నొక్కేశాను, ఒప్పుకుంటాను. కానీ "నీకు ఫోన్‌లో చెప్పడం నా వల్ల కాదు, కాగితం మీద రాసి పంపు, నేనూ కాగితం మీదే చెబుతా, ఆఖరి అక్షరం దాకా చదివాకే చెయ్యి కదిలించు" అని పెట్టేశావే, దానికి నాకు ఒళ్ళు మండింది. సరే, రాస్తున్నాను. మా ఆయన, నీ అల్లుడు యూసుఫ్ మిర్చి బస్తాలతో గుంటూరు యార్డుకు లారీ తోలుకొస్తున్నాడు. ఈ ఉత్తరం ఆయన జేబులో వస్తుంది. జవాబు కూడా ఆ జేబులోనే పెట్టి పంపు.

నా ఎంబ్రాయిడరీ మిషన్‌కు డిజైన్లు అందించే కంప్యూటర్ మా ముందుగదిలో ఉంటుంది కదా. పాత విండోస్ మీద ఇక సాఫ్ట్‌వేర్ నడవదంటే కొత్తది ఎక్కించడం మొదలుపెట్టాను. గంటలు పడుతుందని తెర మీద రాసింది. దాని ముందు కూర్చుంటే కోతలు ఎవరు కోస్తారు? అందరితోపాటు మిరప చేలోకి పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే నీలం తెర. సరిగా మొదలు కాలేదట, రిపేర్ చేస్తుందట, చేసి చేసి మళ్ళీ మొదటికే వస్తుంది. మర్నాడు మళ్ళీ వదిలి చూశాను. అదే తంతు.

టౌన్లో షాపు పెట్టిన శ్యామ్ సుందర్ వచ్చి చూసి, కూర్చోకుండానే "ఫార్మాట్ కొట్టేద్దాం మేడం" అన్నాడు. ఫార్మాట్ అంటే మొత్తం తుడిచెయ్యడమని నాకు తెలియదా? అందులో ఉన్నవి నా డిజైన్లు. పెళ్ళయిన దగ్గర్నుంచీ కాగితం మీద నా చేత్తో గీసి, ఒక్కో కుట్టూ నేను పెట్టినవి. మిరపపూత అంచు, పగిలిన పత్తికాయ, పొగాకు ఆకు. మా బావగారు అమానుల్లా ఏమన్నారో తెలుసా? "పోతే పోనీ, బజార్లో రెడీమేడ్ డిజైన్లు దొరకవా?" అన్నారు. దొరుకుతాయి. అవి నావి కావు.

కంప్యూటర్ పెట్టెను బయటికి మాత్రం పంపను. పోయినేడు రిపేరుకని ఒక షాపులో ఇచ్చాను. వాడు రిపేరు చేశాడు, నా డిజైన్లన్నీ కాపీ కూడా చేసుకున్నాడు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల ప్రతి మిషన్ మీదా నా మిరపపూత కుడుతున్నారు, నన్నే వచ్చి "ఇది ఎక్కడ నేర్చుకున్నావక్కా" అని అడుగుతున్నారు. అందుకని ఈసారి పెట్టె గడప దాటదు.

ఇమ్మానుయేలు మాస్టారి అమ్మాయి జాస్మిన్ పెళ్ళి వాళ్ళ శ్రమదినాలు, అదే ఈస్టరు ముందు ఉపవాసాలు, వచ్చే నెల మొదలయ్యేలోపే. పెళ్ళిచీర మీద పత్తికాయ డిజైనే కావాలని పట్టుబట్టి కూర్చుంది. మాటిచ్చేశాను.

ఇక్కడ అంతా బాగానే ఉన్నాం. ముందుగదిలో సగం బావగారి పత్తే. రేటు వచ్చేదాకా అమ్మనని కప్పు దాకా పోశారు. పున్నమ్మ పోసే పాలు ఈమధ్య విరుగుతున్నాయి, ఈ చలికాలంలో కూడా. నీళ్ళు కలిపితే కలిపింది, ఏ నీళ్ళు కలుపుతుందో. నీ మోకాలు ఎలా ఉంది?

నీ నస్రత్


బ్రాడీపేట, గుంటూరు,
24 జనవరి

నస్రత్ తల్లీ,

మోకాలు బాగుంది, నేనే బాగాలేను. ఆపరేషన్ చేసిన డాక్టరు మెట్లు దిగొద్దన్నాడు. కంప్యూటర్ రిపేరు షాపు కింద, నేను పైన. కింద నా దగ్గర పనిచేసే జయరావు కస్టమర్లతో ఏం వాగుతున్నాడో పైనుంచి వింటూ పళ్ళు నూరుకుంటున్నాను.

ముందు తిట్టనివ్వు. అన్నేళ్ళ పనికి ఇంకో కాపీ పెట్టుకోలేదా? పెన్‌డ్రైవ్‌లో పాతవి కొన్ని ఉన్నాయని ఫోన్‌లో గొణిగావు. కొన్ని! బంగారమైతే రెండు తాళాలు వేస్తావు.

ఇక పని. ఆ నీలం తెర నిన్ను బెదిరించడానికి వచ్చింది కాదు, సాయానికి వచ్చింది. రిపేరు సామాను దాంట్లోనే ఉంటుంది. ట్రబుల్‌షూట్ నొక్కు, తర్వాత అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, అందులో స్టార్టప్ రిపేర్. అంతే. పక్కనే "రీసెట్" అని ఉంటుంది, దాని జోలికి పోకు. రిపేర్ అయ్యేదాకా ఏదీ ముట్టుకోకు.

ఇంకో సంగతి. మధ్యలో కరెంటు పోతోందా? యూపీఎస్ పనిచేస్తోందా? ఇది జాగ్రత్తగా చూసి రాయి.

ఏదీ కుదరకపోతే పెట్టెను యూసుఫ్ లారీలో పంపు. జయరావు చూస్తాడు. ఆఖరికి ఫార్మాటే గతి అయితే చేద్దాం, ఏడవకు.

నీ చిన్నాన్న
జాన్ బాషా


కొత్తపాలెం,
28 జనవరి

చిన్నాన్నకు,

ఆఖరి అక్షరం దాకా చదివాను. చదవకుండా ఉంటే బాగుండేది. నువ్వు కూడా ఫార్మాట్ అన్నావు!

నువ్వు చెప్పినట్టే స్టార్టప్ రిపేర్ నొక్కి చేలోకి పోయాను. వచ్చేసరికి మళ్ళీ అదే నీలం తెర. కరెంటు సంగతి అడిగావు. ఈ నెలలో ఒక్కసారి కూడా పోలేదు. పక్కింటివాళ్ళను కూడా అడిగాను, పగలంతా టీవీ నడుస్తూనే ఉందన్నారు. యూపీఎస్ చచ్చి చాలాకాలమైంది, దాని మీద ఇప్పుడు దారపు కండెలు పెట్టుకుంటున్నాను.

ఇప్పుడు నా మాట విను. తాత పరుపులు కుట్టిన ఇంట్లో పుట్టావు నువ్వు. పరుపు గడ్డలు కట్టిందని ఎవరైనా తెస్తే తాత ఏం చేసేవాడు? దూది తగలబెట్టేవాడా? గలీబు విప్పి, దూదంతా బయటికి తీసి, విల్లుతో ఏకి, అదే దూది మళ్ళీ కూరి కుట్టేవాడు. "కొత్త దూది కొనుక్కోండి" అన్న మాట ఆయన నోట ఎప్పుడైనా వచ్చిందా? మరి నీకెలా వచ్చింది? గడ్డ కట్టింది గడ్డ కట్టినట్టే ఉండనీ, నా దూది నాకు కావాలి. తుడిచేస్తానన్నవాడు శ్యామ్ సుందర్ అయినా ఒకటే, నువ్వయినా ఒకటే.

పెట్టె నీ షాపుకూ రాదు. గడప దాటదన్నానంటే దాటదు.

నాకొక అనుమానం. మా బావగారికి ఆ మూల ఖాళీ కావాలి. ఇంకా పత్తి పొయ్యాలట. నేను చేలో ఉన్నప్పుడు ఆయన ఇంటికి వచ్చి పోతున్నారు. రోజూ ఉదయం బాగుండే రిపేర్ సాయంత్రానికి పాడవుతుందంటే దానికి చేతులు కావాలా వద్దా?

పున్నమ్మను మాన్పించేశాను. వీధిలో నిలబెట్టి కడిగేశాను కూడా. "నా గేదె పాలు ఇరగటమా?" అని నా మీదికే వచ్చింది.

కోపంతోనే,
నస్రత్


బ్రాడీపేట,
31 జనవరి

నస్రత్‌కు,

నీ ఉత్తరం అందింది. యూసుఫ్ ఇస్తూ నా మొహంలోకి చూడలేదు. చదివాడో ఏమో.

నీ షాపుకూ రాదన్నావు. నేను రేడియోలు విప్పిన రోజులనుంచీ ఈ బ్రాడీపేటలో ఉన్నాను. జనం పెట్టెల్లో ఏమేం పెట్టుకుంటారో అన్నీ ఈ చేతుల మీదుగా పోయాయి. ఒక్క ఫోటో బయటికి పోలేదు. నా అన్న కూతురు నన్ను దొంగల్లో కలిపేసింది. మంచిది. మోకాలు కోసినప్పుడు కూడా ఇంత బాధ పడలేదు.

మీ బావగారి మీద వేసిన నింద కూడా నాకు నచ్చలేదు. మనిషిని అనేముందు మిషన్‌ను అడగాలి. అడగడానికి అందులో ఇంకో పనిముట్టు ఉంది. అదే అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో కమాండ్ ప్రాంప్ట్ నొక్కితే నల్ల తెర వస్తుంది. వేరే చీటీ మీద ఇంగ్లీషు అక్షరాల్లో రాసింది ఉన్నదున్నట్టు కొట్టు. ఖాళీ వదిలినచోట ఖాళీ వదులు. డిస్కును మూల మూలా వెతికి, దెబ్బతిన్నచోట బాగుచేస్తుంది. చాలాసేపు పడుతుంది. మధ్యలో ఆగకూడదు.

తాత సంగతి రాశావు. దాని గురించి ఏమీ రాయను. ఆ విల్లు ఇక్కడే, నా మంచం పక్కన గోడకు వేలాడుతోంది.

జాన్ బాషా


కొత్తపాలెం,
4 ఫిబ్రవరి

చిన్నాన్నా,

నిన్ను దొంగ అనలేదు. రాసేటప్పుడు చెయ్యి వేడిగా ఉంది, అంతే. షాపులో ఇప్పుడు కూర్చునేది నువ్వు కాదు, జయరావు. నేను నమ్మనిది ఆయన్ని. నువ్వే మెట్లు దిగి షాపులో ఉంటే పెట్టెను నెత్తిన పెట్టుకుని నేనే తెచ్చేదాన్ని. ఇదన్నా అర్థం చేసుకో, నా మీద అలిగి అన్నం మానేస్తున్నావని యూసుఫ్ చెప్పాడు. మోకాలు కుదుటపడాలంటే తినాలి.

నల్ల తెర వచ్చింది. కొట్టాను. అంకెలు మెల్లగా ఎక్కడం నా కళ్ళారా చూసి ఆశ పుట్టింది. ఆ ఆశతోనే చేలోకి పోయాను. సాయంత్రం వచ్చేసరికి అంకెలు లేవు, మళ్ళీ నీలం తెరే. వెతకడం పూర్తయిందో మధ్యలో ఆగిందో కూడా తెలియదు.

ఇక నావల్ల కాలేదు. వాకిట్లో అందరి ముందూ బావగారిని అడిగేశాను, "నా కంప్యూటర్ దగ్గర మీకేం పని?" అని. ఆయన అదిరిపడి, "ఆ పెట్టెను ముట్టుకుంటే షాక్ కొట్టుద్దని నేను ఆ పక్కకే పోను" అన్నారు. తర్వాత తేరుకుని గొంతు పెంచారు. "వారం చూస్తా. బాగుకాకపోతే ఆ మూల పత్తి పోస్తా. కుట్టుపని మానేస్తే ఇల్లేం మునిగిపోదు."

నేనూ అన్నాను: "పత్తి పొయ్యాలంటే ముందు నా మీద పొయ్యండి. నేను ఆ మూలలోంచి లేవను." యూసుఫ్ నా చెయ్యి పట్టుకుని లాగాడు. విడిపించుకున్నాను. మా అత్త చాంద్‌బీ అరుగు మీద కూర్చుని క్యారియర్ తోముతూనే ఉంది. ఎవరి పక్షమో ఆమెకే తెలియాలి.

జాస్మిన్ వచ్చి వెళ్ళింది. "అక్కా, రెడీమేడ్ డిజైన్ అయినా వేసెయ్యండి, ఫర్లేదు" అంది. జాలిపడి అంది. ఆ జాలి నాకు అక్కర్లేదు. అలాగే అని ఒప్పుకుంటే మాత్రం ఇక నేను కుట్టేవన్నీ ఎవరివో డిజైన్లే అవుతాయి. ఒప్పుకోలేదు.

ఇంకో విచిత్రం, కొత్త మనిషి పోసిన పాలు కూడా విరుగుతున్నాయి. పొద్దున కాచి ఫ్రిజ్‌లో పెట్టినవి సాయంత్రం టీకి తీస్తే ముక్కలు ముక్కలు. ఊళ్ళో గేదెలన్నీ నా మీద పగబట్టినట్టున్నాయి.

మళ్ళీ ఏం నొక్కమంటావో రాయి. నొక్కుతాను.

నస్రత్


బ్రాడీపేట,
6 ఫిబ్రవరి

ఓసి పిచ్చి తల్లీ,

ఏమీ నొక్కకు! యూసుఫ్ కింద లారీ ఆపి హారన్ కొడుతున్నాడు, గబగబా రాస్తున్నాను.

నీ ఉత్తరం రెండోసారి చదువుతుంటే కంప్యూటర్ ముక్క వదిలేసి పాల దగ్గర ఆగిపోయాను. ఇద్దరు మనుషులు, వేరు వేరు గేదెలు, ఫ్రిజ్ మాత్రం ఒకటే. చలికాలంలో ఫ్రిజ్‌లో పెట్టిన పాలు ఎందుకు విరుగుతాయి? ఫ్రిజ్ చల్లగా లేకపోతే విరుగుతాయి. మీ ఇంట్లో పగలు కరెంటు ఉండటం లేదు. పక్కింట్లో ఉంది, వీధిలో ఉంది, మీ ఇంట్లో లేదు. నీకు తెలియదు, ఎందుకంటే నువ్వు చేలో ఉన్నావు. కరెంటు రాగానే ఆ పెట్టె దానంతట అదే మొదలవుతుంది, అందుకే వచ్చి చూసినప్పుడల్లా నీకు నీలం తెరే కనిపిస్తోంది.

నువ్వు కరెంటు పోలేదన్నావు, నేను నమ్మి డిస్కు మీద పడ్డాను. ఆ పెట్టె పాపం బాగుచేసుకుందామని మొదలుపెట్టిన ప్రతిసారీ ఎవరో దాని గొంతు నొక్కుతున్నారు.

రేపు కోతకు పోకు. ఎవరేమన్నా పోకు. కంప్యూటర్‌ను కాదు, మెయిన్ స్విచ్‌ను చూస్తూ కూర్చో. ఎవరి చెయ్యి పడుతుందో చూడు. చూసేదాకా ఎవర్నీ ఏమీ అనకు, నీ నోటికి దణ్ణం.

పున్నమ్మకు క్షమాపణ చెప్పుకో.

జాన్ బాషా

తా.క. అన్నం తింటున్నాను.


కొత్తపాలెం,
10 ఫిబ్రవరి

చిన్నాన్నా, మా చిన్నాన్నా,

తాపీగా కూర్చుని చదువు. ఇది పెద్ద ఉత్తరం.

యూసుఫ్‌కు తలనొప్పని చెప్పి ఉండిపోయాను. బావగారు, యూసుఫ్, కూలీలు అందరూ ట్రాక్టర్ ఎక్కి పోయారు. నేను మా అత్తకు కూడా కనపడకుండా పత్తి చాటున చాప మీద పడుకుని మెయిన్ వైపే చూస్తున్నాను. మా అత్త క్యారియర్ సర్దుకుంది, చెంగు బిగించింది, గొళ్ళెం చేత్తో పట్టుకుంది. పట్టుకుని, బిస్మిల్లా అంటూ చెయ్యెత్తి మెయిన్ కిందికి లాగేసింది. ఫ్యాన్ ఆగిపోయింది.

నేను ఎగిరి కూర్చున్నాను. "అత్తా! ఏం చేస్తన్నావ్?"

"నీ యెంకమ్మ, బెదరగొట్టావ్ గదే. మెయిన్ ఆపుతన్నా. పత్తి ఇంట్లోకొచ్చిన కాణ్ణుంచీ రోజూ ఆపే పోతన్నా."

"రోజూనా? మాకెవరికీ చెప్పలా?"

"చెప్పేదేంది? పొయ్యి ఆర్పి పోతే ఊరంతా చాటింపేస్తామా? మీ అందరికన్నా ముందొచ్చి మళ్ళీ నేనే ఏస్తన్నా."

లేచి నిలబడ్డాను. నోరు కూడా లేచింది. నా డిజైన్ల గొంతు కోస్తున్నావన్నాను, ఇంకా ఏవేవో అన్నాను. ఆమె తగ్గలేదు. క్యారియర్ కింద పెట్టి ఎదురు తిరిగింది. వాళ్ళ పుట్టింటి పక్కిల్లు అలాగే పోయిందట. పత్తి నింపిన గదిలో వైరు కాలి నిప్పురవ్వ పడితే, జనం చేలోంచి పరిగెత్తి వచ్చేసరికి గోడలే మిగిలాయట. "పత్తి అంటుకుంటే నీ పెట్టె ఉంటదా, నీ డిజైన్లుంటయ్యా, మనం ఉంటామా? నువ్వెంత అరిచినా నే ఆపుతా" అంది.

ఆమె అన్నదాంట్లో తప్పు లేదు చిన్నాన్నా. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది. అప్పుడు తాత గుర్తొచ్చాడు. మా అత్త పుట్టిల్లు కూడా పరుపులు కుట్టినదే కదా. "అత్తా, పరుపు విప్పి దూది బయటపోసి ఏకుతుంటే, మధ్యలో తలుపులు బార్లా తీసి గాలి వదిలితే ఏమవుద్ది?" అన్నాను.

"దూది మొత్తం వీధిన పోద్ది."

"ఆ పెట్టె రోజూ పరుపు విప్పుకుంటంది. నువ్వు రోజూ తలుపు తీస్తన్నావు."

పెట్టె వైపు ఒకసారి చూసింది. తర్వాత ఏం చేసిందో చెబితే నువ్వు నమ్మవు. రెండు బకెట్లతో నీళ్ళు తెచ్చి పత్తికీ నా కంప్యూటర్‌కీ మధ్యలో పెట్టింది. పీట లాక్కుని మెయిన్ కింద కూర్చుంది. "ఇయ్యాళ నేను చేలోకి పోను. కాలితే నేనే ఆర్పుతా. ఎయ్యి నీ మిషను" అంది.

నేను మెయిన్ వేసి, నల్ల తెర తెచ్చి, నీ చీటీలోది మళ్ళీ కొట్టాను. అంకెలు ఎక్కడం మొదలైంది. మా అత్తకు చదువు రాదు. "ఎందాకా వచ్చింది?" అని మాటిమాటికీ అడుగుతూనే ఉంది, చేలో సాలు ఎందాకా కోశారని అడిగినట్టు.

మధ్యాహ్నం బావగారు వచ్చారు. పగలు వచ్చిపోయే ఆయనకు మెయిన్ ఆపి ఉంటుందని తెలుసట, నా పెట్టెకు దానితో సంబంధం ఉందనే తెలియదట. మెయిన్ వేసి ఉండటం, తల్లి బకెట్లతో కూర్చోవడం చూసి, "ఏందమ్మా ఇది? ఇంట్లో పత్తి ఉందని మర్చిపోయావా? ఆపెయ్" అని చెయ్యెత్తారు.

మా అత్త పీట మీద నుంచి లేవకుండానే, "చెయ్యి దించు" అంది. "ఎవరూ లేకపోతే ఆపాల. నేనున్నా. పత్తి నీది, ఇల్లు నాది, ఆ మూల నా కోడలిది."

"ఎవరి మాట ఇని మాట్టాడతన్నావ్?"

"నా మాటే నేను ఇన్నానురా. పో, కూలీలకు నీళ్ళు తీసుకుపో."

బావగారు నీళ్ళ బిందె ఎత్తుకుని వెళ్ళారు. ఆయన మీద వేసిన నిందకు నేనూ ఒక మాట చెప్పుకోవాలి. చెబుతాను, ఇవాళ మాత్రం కాదు.

వెతకడం అయింది. దెబ్బతిన్నచోట బాగుచేశానని రాసింది. తర్వాత స్టార్టప్ రిపేర్ నొక్కాను. తెర ఆరింది, వెలిగింది, పాత విండోస్‌ను వెనక్కి తెస్తున్నానంది. నేను తెరకు ఇంకా దగ్గరగా జరిగాను. మా అత్త అడగడం మానేసి, బకెట్ అంచు పట్టుకుని తెరనే చూస్తోంది.

వచ్చింది చిన్నాన్నా. నా పాత తెర, దాని మీద మా పత్తిచేను ఫోటో, మూలన నా ఫోల్డర్. తెరిచాను. మిరపపూత ఉంది. పొగాకు ఆకు ఉంది. పగిలిన పత్తికాయ ఉంది. ఒక్కటీ పోలేదు. నేను ఏడ్చాను, సిగ్గుపడను. మా అత్త "ఏడుస్తావేందే, దూది పోలా గదా" అని క్యారియర్ విప్పి అన్నం కలిపి పెట్టింది.

నస్రత్


బ్రాడీపేట,
12 ఫిబ్రవరి

నస్రత్ తల్లీ,

నీ ఉత్తరం పైకి చదివి మీ పిన్నికి వినిపించాను. చాంద్‌బీ గారి దగ్గరికొచ్చేసరికి లేచి నిలబడ్డాను, మోకాలు మర్చిపోయి.

కొత్తది ఎక్కించేటప్పుడు అది పాతదాన్ని పారెయ్యదు, పక్కన దాచి పెట్టుకుంటుంది. కుదరకపోతే అదే వెనక్కి తెస్తుంది. దానికి కావలసిందల్లా ఎవరూ మధ్యలో చెయ్యి పెట్టకపోవడమే. ముందు ఫోల్డర్‌ను రెండు పెన్‌డ్రైవ్‌లలోకి ఎక్కించు. ఒకటి నీ దగ్గర, ఒకటి చాంద్‌బీ గారి చెంగుకు. తర్వాత కొత్త విండోస్ మళ్ళీ మొదలుపెట్టు. ఫైళ్ళు ఉంచాలా అని అడుగుతుంది, ఉంచమను. బకెట్లు ఉండనీ. కరెంటు మనిషిని పిలిచి ఆ పాత వైర్లు మార్పించు, నీ మూలకు వేరే స్విచ్ పెట్టించు. ఆవిడ భయం న్యాయమైనది.

నిన్న డాక్టరు మాట పక్కనపెట్టి మెట్లు దిగాను. పిరుదుల మీద జరుగుతూ, ఒక్కో మెట్టే. జయరావు ఎవరిదో పెట్టె ముందు పెట్టుకుని "ఫార్మాట్ కొట్టేద్దాం సార్" అంటున్నాడు. తాత విల్లు వెంట తెచ్చాను. కౌంటర్ వెనక గోడకు మేకు కొట్టించి తగిలించాను. ఇదేంటి సార్ అన్నాడు. మా నాన్న డిగ్రీ అన్నాను. ఇక నుంచి ఆ కుర్చీలో నేనే.

నీ చిన్నాన్న


కొత్తపాలెం,
19 ఫిబ్రవరి

చిన్నాన్నా,

కొత్త విండోస్ ఎక్కింది. బకెట్లు వాడే పని పడలేదు. బావగారే కరెంటు మనిషిని తీసుకొచ్చి వైర్లు మార్పించారు. నేను సారీ చెబితే "సర్లేమ్మా" అని మొహం పక్కకు తిప్పుకున్నారు. పున్నమ్మ మళ్ళీ పాలు పోస్తోంది, అందరికీ పోశాక ఆఖర్న మాకు. అదీ నా శిక్ష.

జాస్మిన్ పెళ్ళి మొన్న జరిగింది. చర్చి మెట్ల మీద ఎండ పడేసరికి తెల్లచీర మీద పత్తికాయలు పగిలి నిలబడ్డాయి. నేను వెనక వరసలో మా అత్తతో కూర్చున్నాను. నా డిజైన్లు ఎత్తుకుపోయిన షాపువాడు కూడా వచ్చాడు. ఫోన్ తీసి అంచు దగ్గరదగ్గరగా ఫోటోలు తీసుకున్నాడు. మా అత్త లేవబోయింది. నేనే కూర్చోబెట్టాను.

తీసుకోనీ. ఈసారి అంచు మార్చాను. ఈ ఉత్తరంతో పంపిన గుడ్డముక్క చూడు. కాయకూ కాయకూ మధ్య అల్లుకున్న తీగ ఉందే, దాన్ని భూతద్దం పెట్టి మెల్లగా చదువు. అది తీగ కాదు, నా పేరు. అది తీసేస్తే అంచు తెగిపోతుంది. ఇక నా పత్తికాయ ఎవరు కుట్టినా, ఏ ఊళ్ళో కుట్టినా, నస్రత్ అని కుట్టుకోవాల్సిందే.

నీ నస్రత్